ఉద్యోగం మానకుండా ఎంటెక్: ఫీజు కట్టే ముందు పట్టా మీద ఏం రాసి ఉంటుందో చూడాలి

బీటెక్ పూర్తయిన పిల్లల ముందు ఒకప్పుడు రెండే దారులు ఉండేవి. దొరికిన ఉద్యోగంలో చేరిపోవడం, లేదంటే గేట్ రాసి రెండేళ్లు ఎంటెక్ చదవడం. ముస్లిం మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి ఇళ్లలో ఈ రెండో దారి చాలామందికి మొదట్లోనే మూసుకుపోతోంది. తండ్రి మెకానిక్ షాపు నడిపో, గల్ఫ్‌లో డ్రైవర్‌గా పనిచేసో చదివించిన ఇంట్లో పెద్ద కొడుకు మొదటి జీతం కోసం అందరూ ఎదురుచూస్తుంటారు. చెల్లి పెళ్లి, తమ్ముడి ఫీజు, ఇంటి అద్దె అన్నీ ఆ జీతం మీదే ఆధారపడి ఉంటాయి. అలాంటి చోట ‘ఇంకో రెండేళ్లు చదువుకుంటా’ అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

ఇప్పుడు మూడో దారి బాగా వినిపిస్తోంది. ఉద్యోగం చేస్తూనే పీజీ చదవడం. సాయంత్రం క్లాసులు, శని ఆదివారాల క్లాసులు, ఆన్‌లైన్ ఎంటెక్, గేట్ లేకుండా ఐఐటీ డిగ్రీ... ఫోన్ తెరిస్తే చాలు ఇలాంటి ప్రకటనలే. వీటిలో నిజంగా పనికొచ్చేవి ఉన్నాయి. లక్షలు పోసి చదివినా అక్కరకు రానివీ ఉన్నాయి. ఈ రెండింటికీ తేడా కాలేజీ పేరులోనో, ప్రకటనలో కనిపించే ఫొటోలోనో ఉండదు. చివరికి చేతికొచ్చే పట్టా మీద ఏం రాసి ఉంటుంది, దాన్ని ఎవరు గుర్తిస్తారు అన్న దాంట్లోనే ఉంటుంది.

లెక్క ఎక్కడ తేలుతుంది?

ముందు డబ్బు లెక్క చూడాలి. గేట్ అర్హతతో రెగ్యులర్ ఎంటెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. రెండేళ్లకు 2,97,600. అదే కుర్రాడు నెలకు 25 వేలు తెచ్చే ఉద్యోగం వదిలి వెళ్తే రెండేళ్లలో పోయే జీతం 6 లక్షలు. అంటే స్టైపెండ్ వచ్చినా ఇంటికి సుమారు 3 లక్షలు తగ్గుతుంది. గేట్ లేకుండా చేరితే స్టైపెండ్ కూడా ఉండదు. ఇంట్లో సంపాదించేవాడు ఒక్కడే అయినప్పుడు ఈ 3 లక్షలు చిన్న మొత్తం కాదు.

పార్ట్ టైమ్ చదువులో జీతం ఆగదు. ఫీజు సెమిస్టర్‌కు ఒకసారి కట్టుకోవచ్చు. బ్యాంకు లోన్ తీసుకోవడం, వడ్డీ కట్టడం ఇష్టంలేని కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. ఆరు నెలల జీతంలో కొంత పక్కన పెట్టి వచ్చే సెమిస్టర్ ఫీజు కట్టేస్తే అప్పు అనే మాటే రాదు. ముస్లిం కుటుంబాల కోణంలో చూస్తే పార్ట్ టైమ్ పీజీకి ఉన్న అతి పెద్ద బలం ఇదే.

అసలు ఈ చర్చ ఎందుకు ముఖ్యమో ఒక్క లెక్క చెబుతుంది. కేంద్ర విద్యాశాఖ 2021-22 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న విద్యార్థులు సుమారు 4.33 కోట్లు. వారిలో ముస్లింలు 21.1 లక్షలు. 5 శాతం కూడా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం జనాభాలో ముస్లింల వాటా 14.2 శాతం. కాలేజీ దాకా వచ్చినవాళ్లే ఇంత తక్కువగా ఉన్నప్పుడు, కష్టపడి బీటెక్ దాకా వచ్చిన పిల్లలు అక్కడే ఆగిపోకుండా చూసుకోవడం ప్రతి ఇంటికీ అవసరమే.

2017 తీర్పు నేర్పిన పాఠం

పట్టా గుర్తింపు ఎంత పెద్ద విషయమో తెలియాలంటే 2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గుర్తు చేసుకోవాలి. ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో వచ్చిన తీర్పు అది. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు ఏఐసీటీఈ అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. రాజస్థాన్‌కు చెందినవి రెండు, తమిళనాడు, ఉత్తరప్రదేశ్‌లకు చెందినవి ఒక్కొక్కటి. వాటిలో చేరినవాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లే. డిప్లొమాతో ప్రభుత్వ శాఖల్లో పనిచేస్తూ, ప్రమోషన్ కోసం డిగ్రీ చదివినవాళ్లు.

కోర్టు ఏం చెప్పింది? 2001 నుంచి 2005 వరకు చేరినవారి డిగ్రీలను నిలిపివేసింది. ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే ఆ డిగ్రీ మళ్లీ చెల్లుతుందని చెప్పింది. ఆ తర్వాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసింది. ఆ డిగ్రీ చూపించి పొందిన ప్రయోజనాలు కూడా వెనక్కి పోతాయని తేల్చింది. అప్పటికే అందుకున్న జీతం డబ్బును మాత్రం తిరిగి వసూలు చేయొద్దని చెప్పింది. అనుమతులిచ్చిన అధికారుల పాత్రపై సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ విద్యార్థులు దొంగ సర్టిఫికెట్లు కొన్నవాళ్లు కాదు. ఫీజు కట్టారు, పరీక్షలు రాశారు, ఏళ్ల తరబడి ఆ పట్టాతో పనిచేశారు. తప్పు యూనివర్సిటీలది, కళ్లు మూసుకున్న అధికారులది. కానీ నష్టం విద్యార్థి నెత్తిన పడింది. పది పన్నెండేళ్ల తర్వాత ‘నీ డిగ్రీ చెల్లదు’ అంటే ఆ ఇంటి పరిస్థితి ఏమిటి? అందుకే గుర్తింపు విషయం చేరే ముందే తేలాలి.

ఆ తర్వాత నిబంధనలు ఇంకా స్పష్టమయ్యాయి. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులపై యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇంజనీరింగ్‌ను దూరవిద్యలో చెప్పకూడదు. దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లో చెప్పిన మాటను కొన్ని ప్రకటనలు వాడుకుంటున్నాయి. అది బీఏ, బీకాం, ఎంఏ, ఎంబీఏ, ఎంసీఏ లాంటి అనుమతి ఉన్న కోర్సులకే వర్తిస్తుంది. ఇంజనీరింగ్‌కు కాదు. ‘ఇంట్లో కూర్చొని బీటెక్, ఎంటెక్, పాత తేదీతో పట్టా’ అని ఎవరైనా ఏజెంటు చెబితే అక్కడితో మాట ఆపేయాలి.

మరి ఐఐటీలు ఆన్‌లైన్‌లో ఎంటెక్ ఎలా ఇస్తున్నాయన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఐఐటీలు 1961లో పార్లమెంటు చేసిన చట్టం కింద నడిచే సంస్థలు. తమ డిగ్రీలు తామే ఇచ్చుకునే అధికారం వాటికి ఉంది. ప్రైవేటు యూనివర్సిటీలు మాత్రం యూజీసీ నిబంధనలకు కట్టుబడి ఉండాలి. ఐఐటీ చేసింది కాబట్టి మిగతావాళ్లు కూడా చేయొచ్చు అనుకోవడం దగ్గరే చాలామంది మోసపోతున్నారు.

ఏ దారి ఎలాంటిది?

ఉద్యోగం చేస్తూ చదివే పీజీలు ప్రస్తుతం ఐదు రకాలుగా కనిపిస్తున్నాయి. పేర్లు ఒకేలా వినిపించినా వాటి బరువు ఒకటి కాదు.

మొదటిది, ప్రభుత్వ యూనివర్సిటీల పార్ట్ టైమ్ ఎంఈ, ఎంటెక్. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, కూకట్‌పల్లిలోని జేఎన్‌టీయూ కాలేజీ ఈ కోర్సులకు పేరున్నవి. సాయంత్రం వేళ క్లాసులు. సాధారణంగా ఆరు సెమిస్టర్లు, అంటే మూడేళ్లు. పాఠాలు చెప్పేది రెగ్యులర్ ఎంటెక్‌కు చెప్పే ప్రొఫెసర్లే. ప్రైవేటు ఆన్‌లైన్ కోర్సులతో పోలిస్తే ఫీజు తక్కువ. ఇబ్బంది ఏంటంటే క్లాసుకు మనిషి వెళ్లాలి. గచ్చిబౌలిలో ఆఫీసు, చాంద్రాయణగుట్టలో ఇల్లు ఉన్నవాడికి సాయంత్రం కూకట్‌పల్లి చేరుకోవడం రోజూ ఒక పరీక్షే. అన్ని బ్రాంచీల్లో ఏటా సీట్లు ఉంటాయని కూడా అనుకోవద్దు. ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాల్సిందే.

రెండోది, పనితో ముడిపడిన ఎంటెక్. దీనికి దేశంలో పాత పేరు బిట్స్ పిలానీది. 1979 నుంచి ఉద్యోగుల కోసం ప్రత్యేక కార్యక్రమం నడుపుతోంది. సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్, డేటా సైన్స్, ఏఐ లాంటి విభాగాల్లో నాలుగు సెమిస్టర్ల ఎంటెక్ ఉంది. గేట్ అక్కర్లేదు. కానీ ఉద్యోగంలో ఉండాలి, అనుభవం ఉండాలి, పనిచేసే సంస్థ సహకారం ఉండాలి. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కూడా పనిచేసే చోటే చేస్తారు. కంపెనీలు దీన్ని బాగానే గుర్తిస్తాయి. ఫీజు మాత్రం ప్రభుత్వ యూనివర్సిటీ కంటే చాలా ఎక్కువ.

మూడోది, ఐఐటీలు, ఐఐఎస్సీ ఇచ్చే ఆన్‌లైన్ ఎంటెక్. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ ఉద్యోగుల కోసం ఇలాంటి కోర్సులు నడుపుతోంది. ఐఐటీ మద్రాస్‌లోనూ ఉన్నాయి. బెంగళూరు ఐఐఎస్సీలో అయితే పనిచేసే కంపెనీ స్పాన్సర్ చేయాలి. ఇవి పట్టా మీద ఎంటెక్ అని రాసి ఇచ్చే కోర్సులు. పాఠాలు సాయంత్రాలు, వారాంతాల్లో ఉంటాయి. గేట్ తప్పనిసరి కాని చోట కూడా పరీక్షో, ఇంటర్వ్యూనో ఉంటుంది. సులువుగా దొరికే సీట్లు కావు.

నాలుగోది, ఈ-మాస్టర్స్. ఐఐటీ కాన్పూర్ 2022లో మొదలుపెట్టింది. గేట్ లేదు, ఏడాది నుంచి మూడేళ్లలోపు ఎప్పుడైనా పూర్తి చేసుకోవచ్చు. ఐఐటీ సెనేట్ ఆమోదించిన డిగ్రీయే. అయితే దాని పేరు ఈ-మాస్టర్స్, ఎంటెక్ కాదు. ప్రైవేటు కంపెనీలో పైకి రావడానికి ఇది సరిపోవచ్చు. నోటిఫికేషన్‌లో ‘ఎంటెక్ తప్పనిసరి’ అని ఉన్న చోట దీన్ని ఒప్పుకుంటారా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఐదోది, ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే పీజీ సర్టిఫికెట్లు. పెద్ద సంస్థ పేరు, లోగో కనిపిస్తాయి. ఆరు నెలల నుంచి ఏడాది పాటు వీడియో క్లాసులు. నేర్చుకోవాలనే పట్టుదల ఉన్నవాడికి పనికొస్తాయి. కానీ ఇవి డిగ్రీలు కావు. ‘పీజీ ప్రోగ్రాం’ అన్న మాటను ‘పీజీ డిగ్రీ’ అనుకుని రెండు మూడు లక్షల ఈఎంఐలో ఇరుక్కున్న కుటుంబాలు తక్కువేం కాదు. ఎడ్‌టెక్ కంపెనీలకు ఫ్రాంచైజీ ఇచ్చి కోర్సులు నడపడం చెల్లదని యూజీసీ, ఏఐసీటీఈ 2022లోనే హెచ్చరించాయి.

ఇవి కాక గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో మరో వెసులుబాటు ఉంది. ఉద్యోగం చేసేవాళ్లు పీజీ విద్యార్థి హోదాతో ఒక్కో సబ్జెక్టు తీసుకుని రెగ్యులర్ విద్యార్థులతో కలిసి చదవొచ్చు. అది నేరుగా ఎంటెక్ సీటు కాదు. కానీ ఆ స్థాయి చదువు తనవల్ల అవుతుందో లేదో తేల్చుకోవడానికి మంచి మార్గం.

ఏ స్పెషలైజేషన్?

‘ఎంటెక్ చేస్తే జీతం పెరుగుతుంది’ అన్న మాట సగమే నిజం. ఏ విభాగంలో అన్నదే అసలు విషయం. పనిచేస్తున్న రంగానికి దగ్గరగా ఉన్న స్పెషలైజేషన్ తీసుకుంటే ఆఫీసు పనే చదువుకు సాయం చేస్తుంది, చదువు ఆఫీసులో పనికొస్తుంది.

ఈసీఈ చదివినవారికి వీఎల్ఎస్ఐ, అంటే చిప్ డిజైన్, హైదరాబాద్‌లో బలమైన రంగం. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా, మైక్రాన్ లాంటి కంపెనీల కేంద్రాలు ఇక్కడే ఉన్నాయి. కేంద్రం 2021 డిసెంబర్‌లో 76 వేల కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ కార్యక్రమాన్ని ప్రకటించింది. ఎంటెక్‌కు సమయం లేదనుకునేవారికి సీడాక్ ఆరు నెలల పీజీ డిప్లొమాలు ఉన్నాయి. సీ-క్యాట్ పరీక్షతో సీటిస్తారు. కాకపోతే అవి పూర్తికాలం కోర్సులు. ఉద్యోగం లేని ఖాళీ సమయంలో చేయడానికే నప్పుతాయి.

కంప్యూటర్స్ వైపు డేటా సైన్స్, ఏఐ మోజు ఎక్కువగా ఉంది. గేట్‌లో కూడా 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేరుతో వేరే పేపర్ పెట్టారు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా రాకుండా ఈ కోర్సులో చేరితే రెండో సెమిస్టర్‌కే ఊపిరాడదు. బీటెక్‌లో ఎం1, ఎం2 పేపర్లు ఎలాగోలా గట్టెక్కినవాళ్లు ముందు వాటిని మళ్లీ చదువుకోవడం మంచిది.

సివిల్ చదివి గల్ఫ్ వైపు చూసేవారికి స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ ఇప్పటికీ నమ్మకమైనది. ఎలక్ట్రికల్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్‌కు విద్యుత్ వాహనాలు, సోలార్ వల్ల గిరాకీ వచ్చింది. మెకానికల్ వారికి రక్షణ రంగం ఉంది. డీఆర్‌డీవో ల్యాబులు, భారత్ డైనమిక్స్ ఉన్న నగరం ఇది. డిఫెన్స్ టెక్నాలజీలో ఎంటెక్‌ను డీఆర్‌డీవో, ఏఐసీటీఈ కలిసి 2021లో మొదలుపెట్టాయి.

ఏ విభాగమైనా లక్షలు కట్టే ముందు తక్కువ ఖర్చుతో పరీక్షించుకునే వీలుంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కోర్సుకు వెయ్యి రూపాయల స్థాయిలో ఉంటుంది. ఎనిమిది, పన్నెండు వారాల కోర్సు ఒకటి ఉద్యోగం చేస్తూ పూర్తి చేయగలిగినవాడు పార్ట్ టైమ్ ఎంటెక్ కూడా చేయగలడు. అది మధ్యలో వదిలేసినవాడు మూడేళ్ల కోర్సుకు ఫీజు కట్టే ముందు మరోసారి ఆలోచించుకోవాలి.

అమ్మాయిల విషయంలో అసలు చిక్కు

ఈ మార్పు వల్ల ఎక్కువ మేలు జరగాల్సింది అమ్మాయిలకు. దూరం పంపలేమనుకునే తల్లిదండ్రులకు ఆన్‌లైన్ చదువు మంచి జవాబులా కనిపిస్తుంది. అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. పైన చెప్పిన వాటిలో చాలా కోర్సులు ‘వర్కింగ్ ప్రొఫెషనల్స్’ కోసం. అంటే ఉద్యోగం ఉన్నవారికే. బీటెక్ అవగానే పెళ్లి చేసి, ‘తర్వాత ఆన్‌లైన్‌లో చదువుకుంటుందిలే’ అనుకుంటే ఆ తర్వాత దరఖాస్తు ఫారంలోనే ఆగిపోవాల్సి వస్తుంది. అనుభవం ఎన్నేళ్లు, ఎక్కడ పనిచేస్తున్నారు అన్న గడులు ఖాళీగా ఉంటాయి.

కాబట్టి క్రమం ముఖ్యం. బీటెక్ అయిన వెంటనే చిన్నదైనా ఒక ఉద్యోగం, ఇంటి నుంచి చేసేదైనా సరే, ఏడాది రెండేళ్లు చేస్తే ఈ తలుపులు తెరిచే ఉంటాయి. లేదంటే పెళ్లికి ముందే పీజీఈసెట్ రాసి రెగ్యులర్ ఎంటెక్‌లో చేరడం మేలు. కన్వీనర్ కోటా సీట్లలో బీసీ-ఈ రిజర్వేషన్ వర్తిస్తుంది. మహిళలకు ప్రత్యేకంగా ఇంజనీరింగ్ కాలేజీలు నగరంలో ఉన్నాయి. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లో ఎంటెక్ ఉంది.

లెక్చరర్ ఉద్యోగం వైపు మొగ్గుచూపే అమ్మాయిలు ఎక్కువ. సమయం కుదురుతుంది, ఇంటికి దగ్గర్లో కాలేజీ ఉంటుంది. ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్‌తో పాటు సంబంధిత బ్రాంచిలో ఎంటెక్ ఉండాలి, రెండింటిలో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ రావాలి. సర్టిఫికెట్ కోర్సు ఎంత పెద్ద సంస్థదైనా ఈ అర్హత తీర్చదు. టీచింగ్ లక్ష్యమైతే ఎంటెక్ అన్న పేరే కావాలి, బ్రాంచి కూడా కలవాలి.

గల్ఫ్, అమెరికా లెక్కలు వేరు

గల్ఫ్‌లో ఉన్నవారికి, వెళ్లాలనుకునేవారికి పట్టా గుర్తింపు ఇంకా కఠినంగా ఉంటుంది. 2018లో కువైట్‌లో జరిగింది చాలా కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. ఇంజనీర్ల రెసిడెన్సీ రెన్యువల్‌కు అక్కడి ఇంజనీర్ల సొసైటీ ఎన్‌ఓసీ కావాలన్నారు. ఆ సొసైటీ భారత్‌లో ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న కోర్సులనే లెక్కలోకి తీసుకుంది. ఏళ్లుగా ఇంజనీర్లుగా పనిచేస్తున్నవాళ్లు, పేరున్న కాలేజీల్లో చదివినవాళ్లు కూడా ఇరుకున పడ్డారు. సౌదీలో ఇంజనీరుగా పనిచేయాలంటే సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజనీర్స్‌లో నమోదు కావాలి. పట్టా నిజమా కాదా అన్నదే కాదు, ఏ పద్ధతిలో చదివారన్నది కూడా అటెస్టేషన్, వెరిఫికేషన్ సమయంలో ప్రశ్న కావచ్చు.

అక్కడే ఉద్యోగం చేస్తూ ఇక్కడి యూనివర్సిటీలో ‘రెగ్యులర్’ ఎంటెక్ చేసినట్టు కాగితం తెచ్చుకుంటే ఇంకో ప్రమాదం. పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలు ఒకటి చెబుతాయి, పట్టా మరొకటి చెబుతుంది. ఆ రెండూ పొసగకపోతే పోయేది ఒక్క పట్టా కాదు, ఉద్యోగం, వీసా కూడా.

అమెరికా విషయానికొస్తే, ఎఫ్-1 వీసా మీద వెళ్లినవారు పూర్తికాలం చదవాలి. పార్ట్ టైమ్ కుదరదు. హెచ్-1బీ మీద ఇప్పటికే అక్కడ ఉన్నవారు ఉద్యోగం చేస్తూ చదవొచ్చు. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ ప్రభుత్వం కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక 30, 40 లక్షలు అప్పు చేసి పిల్లల్ని పంపే లెక్క తలకిందులైంది. ‘చదువు, ఉద్యోగం, అప్పు తీర్చడం’ అన్న వరుసలో రెండో మెట్టు కదులుతోంది.

అక్కడికి వెళ్లకుండానే అక్కడి డిగ్రీ పొందే దారి ఒకటుంది. జార్జియా టెక్ 2014 నుంచి ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ నడుపుతోంది. మొత్తం ఖర్చు 10 వేల డాలర్ల లోపే. హైదరాబాద్‌లో, గుంటూరులో ఉద్యోగం చేస్తూ చదవొచ్చు. చదువు మాత్రం కఠినం. ఒక్క విషయం మరవకూడదు. ఈ డిగ్రీతో స్టూడెంట్ వీసా రాదు, చదువయ్యాక అక్కడ పనిచేసుకునే ఓపీటీ అవకాశం ఉండదు. అమెరికా చదువు వస్తుంది, అమెరికా ప్రయాణం రాదు. ఆ రెండూ ఒకటే అనుకుని చేరితే నిరాశే మిగులుతుంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ దొరకదు?

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశపెట్టుకుని పార్ట్ టైమ్ కోర్సులో చేరకూడదు. ఆ పథకాలు సాధారణంగా కన్వీనర్ కోటాలో రెగ్యులర్‌గా చదివేవారికే. దూరవిద్య, స్పాట్ అడ్మిషన్, మేనేజ్‌మెంట్ సీట్లకు వర్తించవు. పీహెచ్‌డీ విద్యార్థులకు అండగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఆపేసింది. విదేశీ చదువుల వడ్డీ రాయితీ పథకం పఢో పర్‌దేశ్ కూడా ఆగిపోయింది. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది కానీ అది విదేశాలకు వెళ్లి చదివేవారికి.

కాబట్టి ఉద్యోగం చేస్తూ చదివేవారికి ముందు అడగాల్సిన చోటు సొంత కంపెనీయే. చాలా పెద్ద సంస్థల్లో ఉద్యోగుల చదువుకు సాయం చేసే పాలసీ ఉంటుంది. హెచ్‌ఆర్‌ను అడగకపోవడం వల్లే అది వాడుకోనివాళ్లు ఎందరో. అయితే కంపెనీ ఫీజు కడితే కొన్నేళ్లు అక్కడే పనిచేయాలన్న బాండ్ ఉండొచ్చు. దాన్ని చదివే సంతకం పెట్టాలి. గల్ఫ్ ఆఫర్ ఎదురుచూస్తున్నవాడికి ఆ బాండే కాళ్లకు సంకెల అవుతుంది.

ఇంటి సాయం లేకపోతే

డబ్బు, గుర్తింపు కుదిరినా పార్ట్ టైమ్ చదువు చాలామందికి మధ్యలో ఆగేది సమయం దగ్గరే. రోజంతా ఆఫీసు, సాయంత్రం క్లాసు, రాత్రి అసైన్‌మెంటు. ఆదివారం వలీమా, సోమవారం పరీక్ష. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకే ఆన్‌లైన్ క్లాసు మొదలవుతుంది. తరావీహ్ అయ్యాక పుస్తకం తెరవాలి. రికార్డింగ్ చూసుకునే వీలు ఉందా, హాజరు శాతం ఎంత ఉండాలి, మధ్యలో ఒక సెమిస్టర్ ఆపి మళ్లీ కొనసాగించొచ్చా అన్నవి చేరే ముందే తెలుసుకోవాలి.

ఇంట్లోవాళ్లకు కూడా ఇందులో పని ఉంది. కొడుకు చదువుతున్నప్పుడు ‘వాడు చదువుకుంటున్నాడు’ అని ఇల్లంతా సద్దుమణుగుతుంది. కోడలు చదువుతున్నప్పుడు కూడా అదే నిశ్శబ్దం ఉండాలి. వారానికి రెండు సాయంత్రాలు వంట పని వేరేవాళ్లు చూసుకుంటే ఒక ఎంటెక్ పూర్తవుతుంది. ఆ రెండు సాయంత్రాలు దొరక్క ఆగిపోయిన చదువులు ఎన్నో.

చేరే ముందు ఐదు ప్రశ్నలు

ఒకటి, పట్టా మీద ఖచ్చితంగా ఏ పేరు ఉంటుంది? ఎంటెక్కా, ఈ-మాస్టర్సా, ఎంఎస్సా, ఉత్త సర్టిఫికెటా? పాత విద్యార్థి పట్టా నమూనా చూపించమని అడగడంలో తప్పులేదు.

రెండు, ఎవరి గుర్తింపు ఉంది? యూజీసీ, ఏఐసీటీఈ వెబ్‌సైట్లలో స్వయంగా చూసుకోవాలి. ఏజెంటు పంపిన పీడీఎఫ్‌ను నమ్మకూడదు.

మూడు, ఏ పద్ధతిలో చదివినట్టు యూనివర్సిటీ రాసిస్తుంది? రెగ్యులర్, పార్ట్ టైమ్, ఆన్‌లైన్ అన్న మాటల్లో ఏది రాస్తే రేపు గల్ఫ్‌లోనో, ప్రభుత్వ ఉద్యోగంలోనో అదే బయటికొస్తుంది.

నాలుగు, ఈ డిగ్రీతో చేరాల్సిన గమ్యం ఏమిటి? ప్రమోషనా, లెక్చరర్ పోస్టా, ప్రభుత్వ ఉద్యోగమా, విదేశమా? ప్రమోషన్‌కు సరిపోయేది లెక్చరర్ పోస్టుకు సరిపోకపోవచ్చు.

ఐదు, మధ్యలో ఆగితే కట్టిన ఫీజు సంగతేమిటి? రిఫండ్ నిబంధన రాతలో ఉందా? ఈఎంఐ అయితే అది కాలేజీకి కడుతున్నామా, ఫైనాన్స్ కంపెనీకా? ఫైనాన్స్ కంపెనీకైతే కోర్సు మానేసినా వాయిదాలు ఆగవు.

ఈ ఐదింటికీ సూటిగా జవాబు చెప్పే సంస్థలు ఉన్నాయి. తడబడేవి, ‘ముందు సీటు బుక్ చేసుకోండి, ఈ రోజే ఆఖరు’ అని తొందరపెట్టేవి కూడా ఉన్నాయి. మంచి చదువుకు రేపు కూడా సీటు ఉంటుంది. తొందరపెట్టేవాడి దగ్గర ఆగి ఆలోచించడమే మేలు.

కుటుంబాన్ని నడుపుతూ చదవాలనుకునే పిల్లలకు ఇంతకుముందు లేనన్ని దారులు ఇప్పుడు ఉన్నాయి. మూడేళ్ల సాయంత్రాలు, కష్టపడి దాచిన జీతం పెట్టి తెచ్చుకునే పట్టా అది. పదేళ్ల తర్వాత ఏ ఆఫీసులో, ఏ దేశంలో చూపించినా చెల్లేదై ఉండాలి. అందుకు కావాల్సిన వాకబు ఫీజు కట్టడానికి ముందే, ఒక్క వారం కూర్చుంటే అయిపోతుంది.